నిత్యరచన, వెలగల రచన

మామిడిచెట్టు సంవత్సరమునకు ఒక్కసారి మాత్రమే కాపు నిచ్చును. కాని రైతు దానిని సంవత్సరము పొడవునా కనిపెట్టి యుండవలెను. కాయ దిగిన పిమ్మట ఎండుకొమ్మలను కత్తిరించుట, తొలకరిలో ఎరువు వేయుట, చలికాలమునకు ముందు నీరు ఆపి చెట్టును బెట్టకు వదలుట, పూత వేళ తేనెమంచు పురుగును చూచుకొనుట మున్నగు పనులలో ఏదియు ఆ దినముననే కాసు తెచ్చునది కాదు. అయినను ఈ పనులు లేనిదే వేసవిలో తోటనుండి బండి కదలదు.

రచన యందును ఇట్టి క్రమమే కలదు. ప్రతిదినము నాలుగు పంక్తులు వ్రాసికొనుట తోటను కనిపెట్టుట వంటిది. దానినుండి పుట్టిన వ్యాసమును పత్రికకు అమ్మి పారితోషికము పొందుట కాపు వంటిది. మొదటిది మానినచో రెండవది ఎండిపోవును. రెండవది లేనిచో మొదటిదానిని చాలకాలము సాగించుట కష్టము. ఈ రెండింటిని ఒకే మనిషి ఎట్లు నిలుపుకొనగలడు? అందుకు గ్రామ పంచాయతీ ఏ విధముగ తోడుపడవచ్చును? ఈ వ్యాసము ఆ రెండు విషయములను వివరించును.

ఇది పంచాయతీకి సంబంధించిన విషయమేనా?

రచన పట్టణవాసుల పని యనియు, గ్రామ పంచాయతీకి వీధిదీపములు, మురుగుకాలువలు, త్రాగునీరు చాలుననియు కొందరు తలంపవచ్చును. రెడ్డిగూడెం పరిసరములలో జరుగు ఒక వ్యవహారమును చూచినచో ఈ అభిప్రాయము సరికాదని తెలియును.

మామిడి ప్రాంతములలో పూత మీదనో పిందె మీదనో తోటను వ్యాపారికి గుత్తకు ఇచ్చు ఆచారము కలదు. కాయ కోతకు రాకముందే ధర తేలిపోవును. ఆ బేరమునకు వచ్చు వ్యాపారి తన పుస్తకమును వెంట తెచ్చుకొనును. గడచిన సంవత్సరము ఏ వారమున ఏ రకము ఏ ధర పలికినదో, గాలివానకు ఎంత రాలినదో ఆతని లెక్కలో నుండును. రైతు చేతిలో నున్నది జ్ఞాపకము మాత్రమే. బేరములో జ్ఞాపకము లెక్కకు లొంగిపోవును.

ఇంతేకాక కొన్ని మామిడి రకములు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు కాపు తగ్గించును. అట్టి చెట్టును గూర్చి ఒక్క సంవత్సరపు జ్ఞాపకముతో బేరమాడిన రైతు మోసపోవుటకు ఎదుటివాడు మోసగాడు కానక్కరలేదు. నాలుగైదు సంవత్సరముల వివరము తన యొద్ద లేకపోవుటయే చాలును.

గ్రామములో ఒక్కరైనను ప్రతిదినము పూత, పురుగు, వాన, ధర వ్రాసిపెట్టి నలుగురు చూచునట్లు ఉంచినచో ఈ లోటు తీరును. అది ఊరి ఆస్తి యగును. కాని ఆ పని చేయు మనిషికి జీవనము కావలెను. అంతయు ఉచితముగ ఇచ్చినచో ఆతడు కొంతకాలమునకు విసిగి ఉద్యోగమునకై విజయవాడకో హైదరాబాదుకో తరలిపోవును. అంతయు అమ్ముకొన్నచో కొనగలవారికే అది అందును, ఊరికి దక్కదు. కావున ఇచ్చునదేదియో, అమ్మునదేదియో వివేకముతో విడదీసికొనవలెను.

పెద్దలు చూపిన త్రోవ

తెలుగువారికి నిత్యరచన క్రొత్తది కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో మద్రాసు చేరెను. త్రోవలో తగిలిన ఊళ్లు, నదులు, సత్రములు, సుంకములు, జనుల ఆచారములు ఎప్పటికప్పుడు వ్రాసి మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లెకు తెలియజేయుచు వచ్చెను. ఆ వ్రాతలే 1838లో గ్రంథముగ అచ్చయినవి. ఆ కాలపు దేశస్థితిని తెలిసికొనగోరువారు నేటికిని దానిని తిరుగవేయుచున్నారు. మిత్రునికై వ్రాసిన దినచర్య దేశమునకు చరిత్ర అయినది.

కృష్ణా మండలమునకు చెందిన యలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మరియొక పాఠము నేర్పెను. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారీని ప్రారంభించెను. 1908లో అక్కడనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువరించెను. తలనొప్పి మందుపై వచ్చిన లాభము పత్రికకు ఆధారముగ నిలిచెను. నిత్యరచన తన కాళ్లపై తాను నిలుచువరకు దానిని మోయుటకు మరియొక సంపాదన ఉండవలెనని ఇందువలన తెలియుచున్నది. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోవువరకు ఎన్నియో తరముల రచయితలకు ఆశ్రయమిచ్చెను.

అన్నిటికంటె మనకు దగ్గరి ఉదాహరణ నూజివీడులోనే పుట్టినది. మాలతీ చందూర్ ఆ ఊర జన్మించి, మద్రాసులో స్థిరపడి, 1950వ దశాబ్దమునుండి ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనము’ శీర్షికను సుమారు 5 దశాబ్దములు నడిపెను. పాఠకురాండ్రు జాబులు వ్రాసి అడుగు ప్రశ్నలకు ఆమె వారము వారము సమాధానము లిచ్చెడిది. వంట, ఆరోగ్యము, సంసారమునందలి చిక్కులు, లోకవిషయములు, అన్నియు అందులో వచ్చుచుండెను. అదే కాలమున ఆమె నవలలు వ్రాసెను, ప్రపంచ ప్రసిద్ధ నవలలను తెలుగువారికి పరిచయము చేసెను, వంటల పుస్తకము వ్రాసెను. ఆ వంటల పుస్తకము పలుమార్లు పునర్ముద్రణ పొందినది. ‘హృదయనేత్రి’ నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. 2013 ఆగస్టులో ఆమె చెన్నైలో మరణించెను.

వారము తప్పని శీర్షిక ఆమెను పాఠకులకు దగ్గర చేసెను. పాఠకుల జాబులు ఏ ఇంట ఏ కష్టమున్నదో ఆమెకు తెలియజేసెను. అట్లు నమ్మకము పొందిన రచయిత్రి పేరు అట్టమీద నున్నప్పుడు పుస్తకమును కొనుటకు పాఠకులు వెనుకాడరు. క్రమము తప్పని చిన్న రచన పాఠకుని సంపాదించును. శ్రమతో కూర్చిన పెద్ద రచన ధనమును సంపాదించును. ఆమె ఒకదానిని మరియొకదానికి బలి పెట్టలేదు.

రెండు రచనల స్వభావము

నిత్యరచనకు, అమ్మకపు వ్యాసమునకు గల భేదమును గుర్తింపకపోవుటవలననే పలువురు రెండింటిని చెడగొట్టుకొందురు.

నిత్యరచన చిన్నది. నేడు చూచినది నేడే చెప్పును. మెరుగులు దానికి అక్కరలేదు, తప్పకుండుటయే దాని గుణము. ‘ఈ ఉదయము తూర్పు తోటలలో రసాల చెట్లకు పూత కనబడినది. గడచిన ఏటికంటె 10 దినములు ఆలస్యము’ అన్నచో చాలును. దీనిని ఉచితముగనే ఉంచవలెను. ఏలయన దీని విలువ పలువురు చూచి సరిదిద్దుటలో నున్నది. ‘పడమటి తోటలలో వారము క్రిందటనే వచ్చినది’ అని ఇంకొక రైతు చెప్పినచో వ్రాతయు బాగుపడును, వ్రాయువాడును నేర్చుకొనును.

అమ్మకపు వ్యాసము పెద్దది. అందు కారణములు చెప్పవలెను, పోలికలు చూపవలెను, నిపుణులను అడుగవలెను, లెక్క సరిచూడవలెను. ‘పూత ఆలస్యమైనప్పుడు రైతు ఏమి చేయవలెను? గడచిన 4 సంవత్సరముల అనుభవము’ అనునది అట్టి వ్యాసము. దానికి వారము పదిదినములు పట్టును. దాని ఫలితము రెడ్డిగూడెమునకే కాక మామిడి పండు ప్రతి మండలమునకు పనికివచ్చును. కనుకనే పత్రికలు దానికి వెల ఇచ్చును.

వెల వచ్చు వ్యాసముపై మోజుచేత నిత్యరచనను ఎగవేయుట మొదటి పొరపాటు. నెల రోజులు ఎగవేసినచో వ్యాసమునకు కావలసిన సరకే ఉండదు. ప్రతిదినపు చిన్న రచనను పెద్ద వ్యాసము వలె తీర్చిదిద్దబోవుట రెండవ పొరపాటు. అట్టివాడు పదునైదు దినములకే అలసిపోవును. ఒకే విషయమును ఉదయము ఉచితముగ ప్రకటించి, సాయంకాలము అదే పంక్తులను పత్రికకు అమ్మబోవుట మూడవది. సంపాదకుడు దానిని కొనడు, కొన్నను రెండవసారి నమ్మడు.

కావున సూత్ర మిది: వార్తను ఊరికి ఉచితముగ ఇచ్చి, విచారణచేసి వ్రాసిన దానిని అమ్మవలెను.

అలవాటును నిలుపుకొను విధము

నిత్యరచన ఆగిపోవుటకు సామాన్యముగ ఉత్సాహలోపము కారణము కాదు, ఏర్పాటు లోపమే కారణము. ఈ క్రింది పద్ధతులు ఎవరికైనను సాధ్యములు.

1. వేళ నిర్ణయించుకొనవలెను. తోటకు వెళ్లివచ్చిన పిమ్మటనో, పాలకేంద్రమునకు పోకముందో, ఇదివరకే ప్రతిదినము జరుగు ఒక పనికి వ్రాతను ముడివేయవలెను. ‘తీరిక దొరికినప్పుడు’ అనువానికి తీరిక దొరకదు.

2. పరిమాణమును తగ్గించుకొనవలెను. దినమునకు 10 పంక్తులు చాలును. నెలకు 25 దినములు వ్రాసినను 250 పంక్తులగును, సంవత్సరమునకు 3000 పంక్తులు దాటవు. ఇది భారము కాదు. కాని 4 సంవత్సరములలో 12,000 పంక్తుల తోట చరిత్ర చేరును.

3. దినమునకు కొన్ని స్థిరమైన గళ్లు ఉండవలెను: తేది, వాన, గాలి, పూత లేక కాయ స్థితి, కనబడిన పురుగు లేక తెగులు, అంగడి ధర, ఊరిలో జరిగిన ముఖ్యవిషయము. వ్రాయుటకు ఏమియు తోచని దినమున ఈ గళ్లు నింపినచో ఆనాటి పని పూర్తియైనట్లే.

4. నిలువ ఉంచుకొనవలెను. పండుగలు, పెండ్లిండ్లు, జ్వరములు ఎవరికైనను వచ్చును. కాలముతో చెడని విషయములు, అనగా పాత చెరువు చరిత్ర, ఒక వృద్ధ రైతు చెప్పిన అంటుకట్టు పద్ధతి, పంచాయతీ పన్నుల వివరము వంటివి ఏడెనిమిది ముందుగ వ్రాసి దాచుకొన్నచో గొలుసు తెగదు.

5. ఒక దినము తప్పినచో విచారింపక మరునాడు తప్పక వ్రాయవలెను. అలవాటు ఒక్క దినపు నాగాతో చెడదు. ‘ఎటులను తప్పినది కదా’ అని వరుసగా మానివేయుటవలన చెడును.

6. వారమునకు ఒకసారి వెనుకకు చూడవలెను. ఆదివారమున గడచిన 6 దినముల వ్రాతను చదివి, ‘ఇందు ఏ విషయమును మరింత విచారింపదగును?’ అని గుర్తు పెట్టుకొనవలెను. అమ్మకపు వ్యాసములకు బీజములు ఇచ్చట దొరకును.

కాలమును పంచుకొనుటలో తోటపనినే ఆదర్శముగ గైకొనవచ్చును. డిసెంబరునుండి ఫిబ్రవరివరకు పూత, తేనెమంచు పురుగు, బూడిద తెగులు; ఆ పిమ్మట పిందె రాలుట, నీటి తడులు; ఏప్రిల్, మే నెలలలో కోత, ధరలు, గాలివానలు. ఈ 6 నెలలు నిత్యరచనకు పంటకాలము, వ్యాసరచనకు తీరిక తక్కువ. జూన్ పిమ్మట తోటలో ఒత్తిడి తగ్గును. అప్పుడు సంవత్సరపు వ్రాతను ముందువేసికొని వ్యాసములు కూర్చవలెను. వాటిని సంపాదకులకు అక్టోబరు, నవంబరులలో పంపినచో పూతకాలమునకు పత్రికలో వచ్చును. మే నెలలో కోత మామిడిని గూర్చి వ్యాసము పంపువాడు ఆలస్యముగ వచ్చిన అతిథి వంటివాడు.

అమ్మదగినది, అమ్ముచోటు

వ్యవసాయ విషయములకు తెలుగున పత్రికలు లేకపోలేదు. 1969లో ‘అన్నదాత’ మాసపత్రిక ప్రారంభమై, రైతులు వెల యిచ్చి కొని చదువు పత్రిక నడపవచ్చునని ఋజువు చేసినది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధములను ప్రారంభించిన పిమ్మట మండలములలోని విలేకరులకు పెద్ద అవకాశము కలిగినది. గ్రామవార్తకు పంక్తుల లెక్కన పారితోషికము ఇచ్చు పద్ధతి వ్యాపించినది. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైన నాటినుండి గ్రామీణ శ్రోతలకు దగ్గరగా నున్నది. ప్రసంగములు చేయువారికి పారితోషిక మిచ్చు సంప్రదాయము ఆకాశవాణికి కలదు.

పంక్తుల లెక్కన వచ్చు సొమ్ముతోనే కుటుంబము గడచునని యువకులకు ఆశ పెట్టరాదు. తోటయో, అంగడియో, బోధనయో ఆధారముగ నుంచుకొని, రచనను రెండవ రాబడిగా పెంచుకొనుట క్షేమము. నాగేశ్వరరావు పంతులవంటి వానికే పత్రికకు వెనుక మందుసీసా కావలసివచ్చినది.

ఏ వ్యాసము అమ్ముడగును? దూరపు పాఠకునికి పనికివచ్చునది, ఇతరుల యొద్ద దొరకనిది. మామిడి గొప్ప ఫలమని వర్ణించు వ్యాసమును ఎవరైనను వ్రాయగలరు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినదను వార్తయు అందరికి తెలిసినదే. కాని ఒకే పొలము గట్టున బంగినపల్లి, చిన్న రసము, కలెక్టరు చెట్లలో పూత వచ్చిన తేదులు, పురుగు కనబడిన తేదులు, నున్న గ్రామములోని మామిడి మార్కెట్టులో టన్నుకు పలికిన ధరలు, కాటాలో పోయిన తరుగు, వరుసగా 4 సంవత్సరములకు ఒక పట్టికగ చూపించు వ్యాసము వేరెవరును వ్రాయలేరు. నిత్యరచన చేసినవాని యొద్దనే ఆ సరకు ఉండును.

వ్యాసము పంపువారు ముందుగ సంపాదకునికి ఒక చిన్న జాబు వ్రాసి, విషయమేమో, ఎన్ని మాటలో, ఎప్పటికి అందునో తెలుపవలెను. ఒకే వ్యాసమును ఏకకాలమున ఇద్దరు సంపాదకులకు పంపరాదు. పంపిన తేది, అంగీకార తేది, ప్రకటన తేది, పారితోషికము అందిన తేది, ఈ నాలుగు గళ్లతో ఒక ఖాతా ఉంచుకొన్నచో రావలసిన సొమ్ము మరుగున పడదు.

రచయిత హక్కు

వ్రాసిన దానిపై వ్రాసినవానికి హక్కు కలదని గ్రామములలో పలువురు ఎరుగరు. 1957 నాటి కాపీరైటు చట్టము 1958 జనవరి 21 నుండి అమలునకు వచ్చినది. రచన చేసిన క్షణముననే హక్కు ఏర్పడును, నమోదు తప్పనిసరి కాదు. సామాన్యముగ ఆ హక్కు రచయిత జీవితకాలము, ఆపైన 60 సంవత్సరములు నిలుచును.

ఆ హక్కును మరియొకరికి బదలాయించినచో అది వ్రాతమూలకముగ, సంతకముతో ఉండవలెను. ఎంతకాలమునకో పత్రములో వ్రాయనిచో 5 సంవత్సరములకని చట్టము భావించును. ఏ ప్రదేశమునకో వ్రాయనిచో భారతదేశమునకు మాత్రమే యని భావించును. వేరొక ఒడంబడిక లేనియెడల, హక్కు పొందినవారు ఒక సంవత్సరములోపల దానిని వినియోగింపకున్నచో ఆ బదలాయింపు చెల్లదు. పత్రికలో జీతముపై పనిచేయువారి విషయము వేరు. ఉద్యోగములో భాగముగ వ్రాసిన దానిని పత్రికలలో ప్రకటించు హక్కు, వేరు ఒప్పందము లేనిచో, యజమానిదే యగును.

కావున వ్యాసము పంపునపుడు ‘ఒక పర్యాయము ప్రకటించుటకు’ అని వ్రాసి పంపుట మంచిది. పది సంవత్సరముల వ్యాసములు కలిపి పుస్తకము వేయదలచిన నాడు ఆ చిన్న వాక్యమే రచయితను కాపాడును.

ఊరిలో కొందరు చేరి స్వయముగ నియతకాలిక పత్రికను అచ్చువేయ సంకల్పించినచో నమోదు అవసరము. 1867 నాటి పాత చట్టమునకు బదులుగా 2023లో చేసిన పత్రికల నమోదు చట్టము 2024 మార్చి 1 నుండి అమలులో నున్నది. ఇది తెలియక ముద్రణాలయమునకు పోయి చిక్కుపడరాదు.

నమ్మకమే మూలధనము

ఉచిత రచనయు, వెలగల రచనయు ఒకే చేతినుండి వచ్చునపుడు ఒక ప్రమాదము పొంచి యుండును. నేటి ధర వ్రాయువాని యొద్దకు ఒక కమీషను వ్యాపారి వచ్చి, ‘నీ శ్రమకు నేనిచ్చెదను, మా కాటాలోని ధరనే వ్రాయుము’ అనవచ్చును. మందుల దుకాణదారుడు తన మందుపేరు వ్రాయుమనవచ్చును. ఎన్నికలు దగ్గరపడినపుడు ఒక వర్గమువారు తమ ఘనతను వార్తగ వ్రాయుమనవచ్చును. మొదటిసారి వచ్చు సొమ్ము తీపిగ నుండును. కాని ఒక రైతు ఆ వ్రాతను నమ్మి కాయ కోసి నష్టపోయిన నాడు, నాలుగేండ్ల వ్రాత ఒక్కపూటలో విలువ కోల్పోవును.

దీనికి కట్టుబాట్లు నాలుగు. దినవార్తలోని ధరకు ఎవరినుండియు సొమ్ము పుచ్చుకొనరాదు. సొమ్ము పుచ్చుకొని వేయునది ప్రకటన యని తలపైననే వ్రాయవలెను. కన్నది, విన్నది వేరువేరుగ చూపవలెను: ‘నేను చూచితిని’ యనునది ఒకటి, ‘అంగడివారు చెప్పిరి’ యనునది మరియొకటి. తప్పు పడినచో మరునాడే అదేచోట సరిదిద్దవలెను.

ఒకరి నడవడిని నిందించు వ్రాతలో మరింత జాగ్రత్త కావలెను. పరువునష్టము నేటి భారతీయ న్యాయసంహితలోను నేరమే. పత్రములు లేని ఆరోపణ గ్రామమునకు మేలు చేయదు. పత్రములు కావలసినవారికి 2005 నాటి సమాచార హక్కు చట్టము దారి చూపుచున్నది. ఆంధ్రప్రదేశములో గ్రామస్థాయి కార్యాలయమునుండి సమాచారము కోరు దరఖాస్తునకు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. సామాన్యముగ 30 దినములలోపల సమాధానము ఈయవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

పంచాయతీ రచయితను పోషింపనక్కరలేదు, ఆజ్ఞాపింపరాదు. పంచాయతీ సొమ్ముతో వ్రాసినది పంచాయతీని పొగడవలసివచ్చును. పొగడ్తను రైతు చదువడు. కాని రచయితకు అడ్డంకులు తొలగించుట పంచాయతీకి సాధ్యము.

మొదటిది, చోటు. పంచాయతీ కార్యాలయము గోడపై వానకు తడియని ఒక బల్ల. దానిపై దినవార్త సుద్దతోనో కాగితముపైననో ఉండవలెను. ఫోనులున్న కాలమున గోడబల్ల ఎందుకను ప్రశ్న రావచ్చును. ఫోనులోని వార్త దిగువకు జారిపోవును. బల్లమీది వార్తను పాలకేంద్రమునకు వచ్చిన వృద్ధురాలు సైతము పక్కవానిచేత చదివించుకొనును.

రెండవది, సమాచారము. సమాచార హక్కు చట్టములోని 4వ విభాగము ప్రకారము ప్రభుత్వసంస్థలు అడుగకముందే పలు వివరములు తామే వెల్లడింపవలెను. పన్నుల రాబడి, పనుల వ్యయము, గ్రామసభ తీర్మానములు బల్లమీదకు వచ్చినచో రచయితకు సరకు దొరకును, సభ్యులపై వదంతులు తగ్గును.

మూడవది, గ్రంథాలయము. 1960 నాటి గ్రంథాలయ చట్టము క్రింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. అది స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయవలసిన సొమ్ము. దానిని నిలువబెట్టక జమచేయుచు, తమ గ్రామమునకు పత్రికలు రప్పింపుడని అడుగు హక్కు సభ్యులకు కలదు. చదువనివాడు వ్రాయలేడు. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపి ఉద్యమము నడపిన ప్రాంతమిది.

నాల్గవది, భద్రత. వ్రాసిన నోటుపుస్తకములను సంవత్సరాంతమున ఒక నకలు తీసి గ్రంథాలయములో ఉంచవలెను. మనిషి ఊరు విడిచినను లెక్క ఊరు విడువరాదు. 2022లో జిల్లాల పునర్విభజనములో రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరినవి. పాలనకు గీత గీయవచ్చును గాని పురుగునకు, గాలివానకు ఆ గీత లేదు. ఇరుప్రక్కల గ్రామముల వ్రాతలు పోల్చి చూచుకొనుటకు నకళ్లు ఎంతయు ఉపకరించును.

ఐదవది, ప్రోత్సాహము. రచయిత వ్యాసము పత్రికలో వచ్చిన నాడు దానిని గ్రామసభలో చదివింపవలెను. సన్మానముకంటె అదియే మిన్న. చదువగా విన్న రైతులు అడుగు ప్రశ్నలే ఆతనికి మరునెల వ్యాసములగును. మాలతీ చందూర్ శీర్షిక పాఠకుల ప్రశ్నలతోనే దశాబ్దముల తరబడి సాగెనని మరువరాదు.

ఇప్పుడు చేయవలసినది

ఈ పనికి పెద్ద నిధులు కాని, పై అధికారుల అనుమతి కాని అక్కరలేదు. పదవ తరగతి దాటి, చక్కని దస్తూరి, నిదానము గల యువతియో యువకుడో ప్రతి గ్రామములోను ఉన్నారు. వచ్చు పూతకాలమునకు ముందే అట్టివారిని గుర్తించి, ఒక నోటుపుస్తకము, ఒక బల్ల, గ్రంథాలయములో ఒక కుర్చీ చూపినచో చాలును. మొదటి సంవత్సరము వ్రాత ఊరికి అలవాటగును. రెండవ సంవత్సరము పోలిక దొరకును. మూడవ సంవత్సరమునకు పత్రిక కొనదగిన వ్యాసము పుట్టును. అంటుమొక్క నాటిన రైతుకు ఈ ఓపిక క్రొత్తది కాదు.

ఆపైన ఒక జనవరిలో వ్యాపారి తన పుస్తకము తీసి రైతు అరుగుపై కూర్చున్నపుడు, రైతును లోపలికి వెళ్లి ఒక పుస్తకము తేగలుగును. ఆనాటి బేరము రెండు లెక్కల నడుమ జరుగును. పంచాయతీ ఇచ్చిన గోడబల్లకు అంతకంటె ప్రతిఫలము అక్కరలేదు.